పాదవైద్య పత్రిక పెట్టేవాళ్లకి ఓజేఎస్: అది చేసే పని, మనకి మిగిల్చే పని

పాదం, చీలమండ జబ్బుల మీద ఎవరైనా పైసా కట్టకుండా చదువుకోగల పరిశోధన పత్రిక పెట్టడానికి చెన్నై అన్ని విధాలా తగిన ఊరు. అడయారులో కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ ఉంది. చెప్పులు, బూట్లు తయారయ్యే రాణిపేట, ఆంబూరు బెంగళూరు దారిలోనే ఉన్నాయి. కుష్ఠు రోగుల చేతులు, పాదాల మీద డాక్టర్ పాల్ బ్రాండ్ పనిచేసిన వేలూరూ ఆ పక్కనే. కాలి పుండుతో నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి రైలెక్కి వచ్చే తెలుగువాళ్లు ఇక్కడి ఆసుపత్రుల్లో ఎప్పుడూ కనిపిస్తారు. కేసులున్నాయి, రాయగల డాక్టర్లున్నారు. లేనిదల్లా పత్రిక నడిపే యంత్రాంగం. దానికి ఓజేఎస్, అంటే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎంతవరకు అక్కరకొస్తుందో చూద్దాం.

ముందే చెప్పేస్తే, తీసుకోదగ్గదే. వ్యాసం అందుకోవడం, సమీక్షకులకి పంపడం, తేదీలు గుర్తు చెయ్యడం, అచ్చు ప్రతి పెట్టడం, వ్యాసానికి శాశ్వత గుర్తింపు నంబరైన డీఓఐ నమోదు చెయ్యడం, ఇవన్నీ బాగా చేస్తుంది. పుండు ఫొటోల్లో రోగి గోప్యత, ఎక్స్‌రేల నాణ్యత, తెలుగు సారాంశం మాత్రం దాని చేతిలో లేవు. పాదవైద్య పత్రిక పరువు నిలబడేదీ పోయేదీ ఈ మూడింటి దగ్గరే.

ఈ సాఫ్ట్‌వేర్ కెనడాలో పుట్టింది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ విలిన్‌స్కీ 1998లో మొదలుపెట్టిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ (పీకేపీ) దీన్ని తయారు చేసింది. తర్వాత సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం ఆ ప్రాజెక్టుకి నెలవయింది. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాబట్టి దింపుకోవడానికి, మార్చుకోవడానికి రూపాయి ఇవ్వక్కర్లేదు. ఉచితం అన్న మాట దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. సాఫ్ట్‌వేర్ ఉచితం, దాన్ని చూసుకునే మనిషి ఉచితం కాదు. వారంలో కనీసం ఒక పూట సర్వర్ సంగతి చూసేవాళ్లు లేకపోతే ఇది పెట్టుకోకండి. పీకేపీ వాళ్లే డబ్బు తీసుకుని హోస్టింగ్ చేసిపెడతారు, ఆ దారి చూసుకోండి.

ఏ వెర్షన్ అన్నది మొదటి ప్రశ్న. 3.4 వెర్షన్ 2023 జూన్‌లో వచ్చింది, దానికి సర్వర్‌లో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష 8వ వెర్షన్ కావాలి. 3.5 వచ్చింది 2025లో. కొత్తగా పెట్టేవాళ్లు పాత 2.4 జోలికి పోవద్దు. హోస్టింగ్ ప్యానెల్‌లో ఒక్క నొక్కుతో పెట్టుకునే సదుపాయం ఉన్నా, అక్కడ దొరికే వెర్షన్ ఏదో, ఫైళ్ల ఫోల్డర్ ఎక్కడ పడుతుందో చూడకుండా నొక్కకండి.

ఆ ఫైళ్ల ఫోల్డర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఓజేఎస్‌లో రచయితలు పంపిన ఫైళ్లన్నీ ఫైల్స్ డిర్ అనే ఫోల్డర్‌లో చేరతాయి. అది పబ్లిక్ హెచ్‌టీఎంఎల్, అంటే సైట్‌లో అందరికీ తెరుచుకునే ఫోల్డర్, బయట ఉండాలి. లోపల ఉంటే రెండు ప్రమాదాలు. ఇంకా సమీక్ష పూర్తికాని వ్యాసాన్ని చిరునామా తెలిసిన ఎవరైనా దింపుకోవచ్చు. రచయితగా నమోదైన దొంగ ఒక పీహెచ్‌పీ ఫైలు ఎక్కించి, దాన్ని బ్రౌజర్ నుంచే నడిపించనూవచ్చు. పత్రిక పేరు గూగుల్‌లో వెతికితే జూదం సైట్ల ప్రకటనలు కనబడుతున్నాయంటే చాలాసార్లు మూలం ఇదే. ఓజేఎస్ అమరికలుండే కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క వరుస మార్చి, ఫోల్డర్‌ని ఒక మెట్టు పైకి జరిపితే సరిపోతుంది, కానీ మొదటి వ్యాసం రాకముందే జరపాలి. దాంతోపాటే వచ్చింది మనిషో యంత్రమో తేల్చే రీక్యాప్చా పెట్టి, కొత్త ఖాతాలకి ఈమెయిల్ ధ్రువీకరణ తప్పనిసరి చెయ్యండి. లేకపోతే కొద్ది నెలల్లో వేల దొంగ ఖాతాలు పోగుపడతాయి, వాటిలో అసలు సమీక్షకుణ్ణి వెతుక్కోవడం గడ్డివాములో సూదిని వెతకడమే.

ఆసుపత్రిలోనే ఒక కంప్యూటర్ మీద పెట్టేద్దామనే ఆలోచన చెన్నైలో అస్సలు వద్దు. 2015 డిసెంబరు వరద, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చూసిన ఊరు ఇది. కింది అంతస్తులో ఉన్న సర్వర్‌కి ఏ గతి పడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. బ్యాకప్‌లో డేటాబేస్, ఫైళ్ల ఫోల్డర్, పబ్లిక్ ఫోల్డర్, కాన్ఫిగ్ ఫైల్ నాలుగూ ఉండాలి, ఈ ఊరికి బయటే ఉండాలి. చాలామంది డేటాబేస్ ఒక్కటే దాచి, పీడీఎఫ్‌లు అందులో ఉండవన్న సంగతి పోగొట్టుకున్నాక తెలుసుకుంటారు.

ఇక మెయిళ్లు. ఓజేఎస్ బతుకంతా మెయిళ్ల మీదే. సమీక్షకుడికి ఆహ్వానం స్పామ్‌లో పడితే, ఆయన స్పందించలేదని సంపాదకుడు అనుకుంటాడు, నన్ను అడగనే లేదని ఆయన అనుకుంటాడు. పత్రిక చిరునామాగా జీమెయిల్ ఖాతా పెట్టడం దీనికి మొదటి కారణం. మన సర్వర్ నుంచి వెళ్లే మెయిల్ మీద జీమెయిల్ పేరుంటే దొంగ మెయిల్‌గా లెక్క. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దసంఖ్యలో పంపేవాళ్ల మీద ఈ తనిఖీలు ఇంకా బిగించాయి. పత్రిక సొంత డొమైన్ మీద చిరునామా తీసుకుని, మెయిల్ నిజంగా మన డొమైన్‌దేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టి, కాన్ఫిగ్‌లో మెయిల్ పంపే దారిగా ఎస్ఎంటీపీ 587 పోర్టు ఇచ్చి, డీఫాల్ట్ ఎన్వలప్ సెండర్‌ని, అంటే అసలు పంపినవారిగా పత్రిక చిరునామానే, తప్పనిసరి చేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. గడువు గుర్తుచేసే మెయిళ్లు వేళ తప్పకుండా వాటంతటవే పోవాలంటే సర్వర్‌లో క్రాన్ పని, అంటే వేళకి దానంతటదే నడిచే ఆదేశం, పెట్టడం మంచిది. అది పెట్టకపోయినా తెరమీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది, అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు.

వ్యాసం నడిచే దారి నాలుగు మెట్లు: సమర్పణ, సమీక్ష, భాష సవరణ, ప్రచురణ. ఏ ఫైలు ఏ మెట్టు మీద ఉందో, ఎవరి చేతిలో ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఈ ఒక్క సుఖం కోసమైనా వాట్సాప్‌లో, మెయిళ్లలో వ్యాసాలు తిప్పుకోవడం మానెయ్యొచ్చు. సంపాదకుడి నిర్ణయాలన్నీ తేదీలతో నిలిచిపోతాయి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించడానికి రికార్డు ఉంటుంది.

రచయితలకి తగిలే మొదటి దెబ్బ ఫైలు సైజు. పీహెచ్‌పీలో ముందే ఉండే హద్దు ఫైలుకి 2 ఎంబీ, మొత్తం పోస్టుకి 8 ఎంబీ. చీలమండ ఎంఆర్ఐ బొమ్మలున్న వ్యాసం 15 ఎంబీకి తగ్గదు. ఎక్కించబోతే అర్థంకాని ఎర్ర అక్షరాలొస్తాయి, రచయిత విసిగి ఇంకో పత్రికకి పోతాడు. అప్‌లోడ్ హద్దు 64 ఎంబీకి, పోస్టు హద్దు అంతకంటే కొంచెం ఎక్కువకి పెంచండి. రెండోది మరిచిపోతే మొదటిది పెంచీ లాభం లేదు.

పాదవైద్య పత్రికకి ప్రాణం బొమ్మలు. ఓజేఎస్ వాటిని ఫైళ్లుగానే చూస్తుంది, లోపల ఏముందో చూడదు. ముఖం లేదు కదా, పాదమే కదా, అనుమతి ఎందుకు అని చాలామంది రచయితలు అనుకుంటారు. అది తప్పు. వేలికి మెట్టెలు, కాలికి పట్టీలు, పచ్చబొట్టు, పుట్టుమచ్చ, తెగిపోయిన వేలి ఆకారం, వీటిలో ఏదున్నా ఇంట్లోవాళ్లు గుర్తుపడతారు. ఫోన్‌తో తీసిన జేపెగ్ ఫొటోలో తీసిన తేదీ, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఊరి అక్షాంశ రేఖాంశాలూ దాగి ఉంటాయి. రోగి ఇంట్లో తీసిన ఫొటోని అనుబంధ ఫైలుగా యథాతథంగా పెడితే ఇంటి చిరునామా పెట్టినట్టే.

అంతకన్నా లోతైన చిక్కు వర్డ్ ఫైల్లో ఉంది. ఎక్స్‌రే మూలలో రోగి పేరు, ఆసుపత్రి పేరు ఉంటే రచయిత వర్డ్‌లోనే క్రాప్ చేసి పంపిస్తాడు. తెర మీద పేరు కనబడదు. నిజానికి అది పోలేదు, దాక్కుంది. ఆ డాక్స్ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరిచి, వర్డ్ ఫోల్డర్‌లోని మీడియా ఫోల్డర్ చూడండి. పూర్తి ఎక్స్‌రే, మూలలో పేరుతో సహా అక్కడే ఉంటుంది. సమీక్షకులకి వెళ్లేది ఆ ఫైలే. రచయిత, సమీక్షకుడు ఒకరికొకరు తెలియకూడదనే నియమం కూడా అక్కడే తెగిపోతుంది, ఆసుపత్రి పేరు కనబడ్డాక ఇంకేం దాపరికం. కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి క్రాప్ చేసిన భాగాలు తొలగించు అన్న గడిలో టిక్ పెడితే నిజంగా పోతాయి. పేరు మీద నల్లటి డబ్బా అతికించడం ఇంకా పనికిరాదు, పీడీఎఫ్‌లో దాన్ని పక్కకి జరిపితే పేరు బయటపడుతుంది. కాబట్టి బొమ్మల్ని వర్డ్‌లో అతికించకుండా విడి ఫైళ్లుగా, పేరు చెరిపేశాకే పంపాలని సమర్పణ చెక్‌లిస్టులో రాయండి. ఆ చెక్‌లిస్టు ఓజేఎస్‌లో మనమే రాసుకోవచ్చు, ఒప్పుకోకుండా రచయిత ముందుకి పోలేడు.

అనుమతి పత్రం విషయంలో ఒక మాట. ఉచిత పత్రికలు ఎక్కువగా సీసీ బై అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వాడతాయి. దాని ప్రకారం పేరు చెప్పి ఎవరైనా ఆ ఫొటోని మళ్లీ వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. "వైద్య విద్య కోసం వాడుకుంటాం" అని సంతకం పెట్టించుకున్న మామూలు ఆసుపత్రి పత్రం దీనికి చాలదు. ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తుందని, ఇతరులూ వాడుకోగలరని, అచ్చయ్యాక వెనక్కి తీసుకోవడం కుదరదని రోగికి వచ్చిన భాషలో, అంటే తెలుగువాళ్లకి తెలుగులో, తమిళులకి తమిళంలో రాసి ఉండాలి. సంతకం చేసిన పత్రం ఓజేఎస్‌లోకి ఎక్కించవద్దు, అది రచయిత దగ్గరే భద్రంగా ఉండాలి. ఉందని హామీ ఇస్తే చాలు.

సైజుల లెక్క తేలికే. ఒక కాలమ్ వెడల్పు 8.5 సెంటీమీటర్లు, 300 డీపీఐ అంటే సుమారు 1000 పిక్సెల్‌లు. పేజీ నిండా అయితే 2000. పుండు ఫొటోలో పక్కన సెంటీమీటరు స్కేలు లేకపోతే వెనక్కి పంపండి. మూడు వారాల తర్వాత తగ్గిందనడానికి వేరే ఆధారం ఉండదు. పూర్తి పీడీఎఫ్ 5 ఎంబీ లోపు ఉండాలి, అంతకు మించితే గూగుల్ స్కాలర్ దాన్ని చేర్చుకోదు.

ఓజేఎస్‌లో బాగా నచ్చే భాగం సమీక్ష ఫారం. ముందే ఉండేది రెండు ఖాళీ పెట్టెలే: రచయితకి ఒకటి, సంపాదకుడికి ఒకటి. దానితో సరిపెట్టుకుంటే "బాగుంది, భాష సరిచూడాలి" అనే రెండు వాక్యాలే వస్తాయి. పాదవైద్యంలో పనికొచ్చే ప్రశ్నలతో సొంత ఫారం కట్టుకోవాలి. ఎక్స్‌రే రోగి నిలబడి, పాదం మీద బరువు వేసి తీసిందా? పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే మీద బొటనవేలి వంకర కోణం కొలిచిన వ్యాసానికి విలువ లేదు. ఆ కోణం 15 డిగ్రీలు దాటితేనే వంకర అంటాం, పడుకోబెడితే ఆ లెక్కే మారిపోతుంది. పుండుని ఏ పద్ధతిలో వర్గీకరించారు? పుండు లోతుని బట్టి మెట్లు చెప్పే వాగ్నర్ పద్ధతి ఒక్కటే రాస్తే రక్తప్రసరణ సంగతి సరిగా తెలియదు, షుగర్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం ఐడబ్ల్యూజీడీఎఫ్ 2023 మార్గదర్శకాలు డాక్టర్లు ఒకరికొకరు చెప్పుకోవడానికి సిన్‌బాడ్ అనే వర్గీకరణ వాడమంటున్నాయి. స్పర్శ పరీక్ష 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (సన్నటి నైలాన్ పోగుతో) పాదంలో ఏయే చోట్ల చేశారు? చీలమండ, చేతి రక్తపోటుల నిష్పత్తి ఒక్కటే ఇచ్చారా, వేలి పీడనం కూడా ఇచ్చారా? షుగర్ రోగుల్లో రక్తనాళాలు గట్టిపడి ఆ నిష్పత్తి తప్పుగా ఎక్కువ చూపించే ప్రమాదముంది. ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులిచ్చామని రాసి ఊరుకుంటే చాలదు, రబ్బరు మెత్తదనం షోర్ అనే గట్టిదనపు కొలతలో ఎంత, మందం ఎన్ని మిల్లీమీటర్లు, రోజుకి ఎన్ని గంటలు వేసుకున్నారు, ఇవి లేకుండా ఇంకో డాక్టరు ఆ చికిత్స మళ్లీ చెయ్యలేడు. ఈ ప్రశ్నలన్నీ ఫారంలో ఒక్కొక్క గడిగా పెడితే కొత్త సమీక్షకుడు కూడా లోతుగా చూస్తాడు. ఫారం కట్టడానికి రెండు గంటలు చాలు.

రోగుల మీద చేసే ప్రయోగ పరీక్షలైతే సీటీఆర్ఐ (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరుకి తప్పనిసరి గడి పెట్టండి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఆ రిజిస్ట్రీ ముందుగా నమోదైనవే తీసుకుంటుంది. రోగుల్ని చేర్చుకున్నాక నమోదు చేయిద్దామంటే కుదరదు.

తెలుగు సారాంశం సంగతికొద్దాం. ఓజేఎస్‌లో ఒకే వ్యాసానికి రెండు మూడు భాషల్లో శీర్షిక, సారాంశం పెట్టుకునే వీలుంది, అది నిజంగా గొప్ప సదుపాయం. తిరుపతి నుంచి వచ్చిన రోగి కొడుకు ఫోన్‌లో చదివి అర్థం చేసుకునేలా 150 మాటలు రాస్తే పత్రిక పెట్టినందుకు ఫలితం దక్కినట్టే. రాసేటప్పుడు రోగులు వాడే మాటలే వాడాలి: ఆనెకాయ, మడమ శూల, తిమ్మిరి, చెప్పు కరవడం. "పాదతల చర్మస్థూలత" అని రాస్తే చదివేవాడు పేజీ మూసేస్తాడు.

ఇక్కడ పెద్ద గుంట ఒకటుంది. డీటీపీ సెంటర్లలో తెలుగు ఇంకా పాత నాన్ యూనికోడ్ ఫాంట్లలో కొట్టడం మామూలే. అచ్చులో ముత్యాల్లా ఉంటుంది. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వరుస కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి, ఇంగ్లీషు అక్షరాల గందరగోళం వస్తుంది. గూగుల్‌కి కనిపించేది కూడా ఆ గందరగోళమే, అంటే ఆ సారాంశం వెతుకులాటలో లేనట్టే లెక్క. యూనికోడ్‌లోనే, మండలి, నోటో వంటి ఫాంట్లతో కావాలని ముందే ఖాయం చేసుకోండి. ఇన్‌డిజైన్‌లో పేజీ కట్టేవాళ్లయితే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చెయ్యాలి, లేకపోతే వత్తులు, గుణింతాలు విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. డబ్బులిచ్చే ముందు ఆ నోట్‌ప్యాడ్ పరీక్ష చెయ్యండి, అర నిమిషం పని.

ఇక గుర్తింపుల వరుస. పేరుతో మొదలుపెట్టాలి. జర్నల్ ఆఫ్ ఫుట్ అండ్ యాంకిల్ రీసెర్చ్ అన్న పేరుతో 2008 నుంచే ఒక ఓపెన్ యాక్సెస్ పత్రిక ఉంది, దానికి దగ్గరగా ఉండే పేరు పెడితే ఉదాహరించేవాళ్లు తికమకపడతారు, నకిలీ పత్రికేమోనన్న అనుమానమూ వస్తుంది. పత్రికకి గుర్తింపు నంబరైన ఐఎస్ఎస్ఎన్‌ని ఢిల్లీలోని సీఎస్ఐఆర్ నిస్‌పర్ అనే ప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తుంది. సైట్ మీద, పీడీఎఫ్ మీద, దరఖాస్తులో పత్రిక పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ముద్రణ ప్రతికి వేరు, ఆన్‌లైన్‌కి వేరు నంబర్లు.

డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్. దాని సభ్యత్వం ఏటా కట్టాలి. చిన్న ప్రచురణకర్తలకి చాలా ఏళ్లు 275 డాలర్లు ఉండేది, ఇప్పటి రేటు చూసి బడ్జెట్ వేసుకోండి. దానిపైన కొత్త వ్యాసానికి 1 డాలర్. ఓజేఎస్‌లోని క్రాస్‌రెఫ్ ప్లగిన్ వివరాలు నేరుగా పంపేస్తుంది. డీఓఐ తోకలో, అంటే గీత తర్వాతి భాగంలో, సంపుటం, సంచిక నంబర్లు పెట్టకండి, వ్యాసం ఒక సంచిక నుంచి ఇంకోదానికి జరిగితే తోక అబద్ధమాడుతుంది. 3.4 నుంచి సాఫ్ట్‌వేరే ఇచ్చే ఎనిమిది అక్షరాల తోక మంచిది. సైట్ చిరునామాలో ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ అన్న ముక్క తీసెయ్యాలనుకుంటే మొదటి డీఓఐ పంపకముందే తీసెయ్యండి, డీఓఐతో పాటు నమోదయ్యేది ఆ చిరునామానే. పీకేపీ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ ప్లగిన్ ఉచితం, మన సర్వర్ పోయినా వ్యాసాలు వేరేచోట్ల భద్రంగా ఉంటాయి, ఐఎస్ఎస్ఎన్ రాగానే ఆన్ చెయ్యండి.

తర్వాత డీఓఏజే, అంటే ఓపెన్ యాక్సెస్ పత్రికల అంతర్జాతీయ సూచిక. దరఖాస్తు ఉచితమే. కొత్త పత్రికకి ఏడాది దాటిన చరిత్ర గానీ, పది వ్యాసాలు గానీ ఉండాలి. ఎక్కువగా తిరగ్గొట్టించుకునేది సొంతవాళ్ల వ్యాసాల దగ్గర: సంపాదకులు, మండలి సభ్యులు, సమీక్షకులు రచయితలుగా ఉన్నవి ఒక సంచికలో 25 శాతం మించకూడదు. నలుగురు స్నేహితులు కలిసి మొదలుపెట్టిన పత్రిక మొదటి సంచికలో ఆ నలుగురే రాస్తారు, ఏడాది శ్రమ అక్కడ ఆగిపోతుంది. వైద్య కళాశాలల్లో పదోన్నతికి జాతీయ వైద్య కమిషన్ 2022 నిబంధనలు లెక్కలోకి తీసుకున్న సూచికల్లో డీఓఏజే ఉంది కాబట్టి, యువ డాక్టర్ల నుంచి వ్యాసాలు రావాలంటే ఈ మెట్టు ఎక్కాల్సిందే.

వైద్య వ్యాసాల ఉచిత భండారమైన పబ్‌మెడ్ సెంట్రల్ దగ్గర ఓజేఎస్ బలహీనత తెలుస్తుంది. వాళ్లకి జాట్స్ పద్ధతిలో ఎక్స్ఎంఎల్, అంటే వ్యాసంలోని భాగాలన్నిటికీ గుర్తులు పెట్టి కంప్యూటర్ చదవగలిగేలా చేసిన ప్రతి, కావాలి. ఓజేఎస్ వర్డ్ ఫైలుని దానంతటదే అలా మార్చి ఇవ్వదు. వ్యాసానికింతని తీసుకుని మార్చిపెట్టే కంపెనీలు చెన్నైలోనే చాలా ఉన్నాయి, ఈ ఊరు ఆ పనికి పేరుపడింది. సర్వర్‌కి, హంగుల థీమ్‌లకి పోసే డబ్బు మిగిల్చి దీనికి పెట్టుకోండి. పట్టికల్లో గడులు కలిపేసిన వ్యాసాలు ఎక్స్ఎంఎల్‌లో ఎక్కువ చెడతాయి. పట్టికలు బొమ్మలుగా కాకుండా పట్టికలుగానే, కలిపిన గడులు లేకుండా పంపమని రచయితలకి ముందే చెప్పాలి.

అచ్చయ్యాక తప్పు దొరికినప్పుడు ఏం చెయ్యాలన్నది కూడా ఈ సాఫ్ట్‌వేర్‌లో బాగానే ఆలోచించారు. పాదాల వ్యాసాల్లో తరచు దొర్లేది కుడి, ఎడమల తారుమారు: బొమ్మ కింద ఎడమ చీలమండ అని ఉంటుంది, ఎక్స్‌రే మీద కుడి గుర్తు ఉంటుంది. అన్‌పబ్లిష్ మీట నొక్కి, సరిచేసి, మళ్లీ పెట్టెయ్యాలని చెయ్యి లాగుతుంది. నొక్కకండి. అప్పటికే దింపుకున్నవాళ్ల దగ్గర పాత ప్రతి ఉండిపోతుంది. క్రియేట్ న్యూ వెర్షన్ నొక్కి, బొమ్మ కింది మాట సరిచేసి, ఏం మారిందో ఏ తేదీన మారిందో పీడీఎఫ్ మొదటి పేజీలో ఒక వరుస రాసి, పాత వెర్షన్‌ని పక్కనే కనబడేలా ఉంచి, అదే డీఓఐతో క్రాస్‌రెఫ్‌కి మళ్లీ పంపాలి. పాత గ్యాలీ (పాఠకులకి పెట్టే పీడీఎఫ్) ఫైలు మీదే కొత్తది ఎక్కించకుండా కొత్త వెర్షన్‌లోని గ్యాలీనే మార్చారో లేదో, రెండు పీడీఎఫ్‌లూ తెరిచి పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే పబ్లిష్ నొక్కండి.